మదర్‌బోర్డు వీఆర్ఎమ్‌కు అంటించే హీట్‌సింకులా, ఫ్యానా: ఏది మేలు?

ఏఎండీ బీ350, బీ450 వంటి చవక బోర్డుల మీద ప్రాసెసర్‌ను ఓవర్‌క్లాక్ చేసేవారు, అంటే నిర్ణయించిన వేగం కంటే ఎక్కువ వేగంతో నడిపేవారు, కూలర్ గురించి ఎంతో ఆలోచిస్తారు గానీ, ఆ పక్కనే ఉండే వీఆర్ఎమ్ (వోల్టేజ్ రెగ్యులేటర్ మాడ్యూల్) అనే భాగాన్ని పట్టించుకోరు. పవర్ సప్లై ఇచ్చే 12 వోల్టులను ప్రాసెసర్‌కు తగినట్టు సుమారు 1.25 వోల్టులకు దించేది అదే. ప్రాసెసర్ 100 వాట్లు తీసుకుంటే 80 ఆంపియర్ల కరెంటు దాని గుండా పోవాలి; ఆ కరెంటును పంచుకునే విభాగాలు, అంటే ఫేజులు, నాలుగే ఉన్న బోర్డులో ఒక్కొక్క ఫేజు మీద 20 ఆంపియర్లు పడతాయి. వీఆర్ఎమ్‌లో స్విచ్చుల్లా పనిచేసే మాస్‌ఫెట్ల నిరోధం వల్ల పుట్టే వేడి కరెంటు వర్గాన్ని బట్టి పెరుగుతుంది కనుక, కరెంటు 20 శాతం పెరిగితే ఆ వేడి 44 శాతం పెరుగుతుంది.

దీనికి మన ఎండలు తోడవుతాయి. మే నెలలో విజయనగరంలో ఏసీ లేని మేడమీది గది 40 డిగ్రీలకు చేరడం అరుదు కాదు. 25 డిగ్రీల గదిలో 85 దగ్గర నిలిచే వీఆర్ఎమ్ అదే పని చేస్తూ ఇక్కడ 100 డిగ్రీల దాకా పోతుంది.

చాలామంది ముందుగా కొనేది జిగురు టేపుతో అంటించే చిన్న అల్యూమినియం హీట్‌సింకులు. అవి చవకే, కానీ చవక బోర్డుల మాస్‌ఫెట్లలో వేడి ఎక్కువ భాగం పైనున్న ప్లాస్టిక్ గుండా కాక, అడుగున ఉన్న లోహపు పలక గుండా బోర్డులోని రాగి పొరల్లోకి దిగిపోతుంది. అందువల్ల పైన అంటించిన హీట్‌సింకుకు అందేది కొంతే. గాలి కదలని క్యాబినెట్‌లో ఆ కొంత కూడా అక్కడే నిలిచిపోతుంది. పైగా బోర్డు నిలువుగా ఉంటుంది కనుక, వేడికి టేపు వదులై ఆ లోహపు ముక్క గ్రాఫిక్స్ కార్డు మీద పడితే షార్ట్ అయ్యే ప్రమాదం ఉంది.

వీఆర్ఎమ్ మీదికి తిప్పి బిగించిన 80 లేదా 120 మిల్లీమీటర్ల ఫ్యాను మాస్‌ఫెట్లనూ, చుట్టూ ఉన్న బోర్డునూ, కెపాసిటర్లనూ ఒకేసారి చల్లబరుస్తుంది. ఎలక్ట్రోలిటిక్ కెపాసిటర్ల వేడి 10 డిగ్రీలు తగ్గితే వాటి ఆయుష్షు దాదాపు రెట్టింపవుతుందని ఇంజనీర్లు లెక్కగడతారు కనుక ఈ లాభం చిన్నది కాదు. నా ఓటు నిస్సందేహంగా ఫ్యానుకే; హీట్‌సింకులు అంటించదలిస్తే ఫ్యాను పెట్టిన తరువాతే అంటించాలి.

బోర్డు వైపు గాలి వదిలే కూలర్ ఉన్నవారికి ఈ పని కొంతవరకు ముందే జరిగిపోతుంది. గాలిని బోర్డుకు సమాంతరంగా తోసే టవర్ కూలర్‌కు మారితే ప్రాసెసర్ చల్లబడినా వీఆర్ఎమ్‌కు ఆ గాలి అందదు. ప్రాసెసర్ దగ్గర సాధారణంగా ఫ్యానే ఉండని లిక్విడ్ కూలర్‌తో ఈ లోటు ఇంకా ఎక్కువ.

కళింగపట్నం, బారువ వంటి తీరప్రాంతాల్లో ఫ్యాను ఉప్పుగాలినీ దుమ్మునూ కూడా లోపలికి లాగుతుంది కనుక డస్ట్ ఫిల్టర్ పెట్టి తరచూ శుభ్రం చేయాలి. ప్రాసెసర్ ఉష్ణోగ్రత బాగానే ఉన్నా పెద్ద లోడు పడినప్పుడు క్లాక్ (ప్రాసెసర్ వేగం) ఉన్నట్టుండి పడిపోతుంటే, ముందుగా అనుమానించవలసింది వీఆర్ఎమ్‌నే. ఫ్యాను పెట్టినా అది ఆగకపోతే ప్రాసెసర్ వోల్టేజీని 0.05 వోల్టుల చొప్పున తగ్గిస్తూ, దానికి తగ్గట్టు క్లాక్‌ను కూడా దించుకోవాలి.