జాగ్రత్త: "రెండు ఉదాహరణలు చాలు" అనే ఆ ఎక్సెల్ యాడ్-ఇన్ కొనకండి

ఎక్సెల్‌కి అదనంగా తగిలించుకునే ఆ ప్రోగ్రాం ప్రకటన చూడని అకౌంటెంట్ ఉండరు. ఫార్ములా రాయక్కర్లేదు, పక్క సెల్‌లో ఎలా రావాలో రెండు ఉదాహరణలు చూపిస్తే మిగతా కాలమ్ అదే నింపేస్తుందని ఊదరగొడుతున్నారే, అదే. ఏడాది లైసెన్సు డబ్బు ముందే కట్టించుకుంటారు. కట్టాను. ఇప్పుడు వెనక్కి ఇవ్వరట.

నేను విజయవాడ ఆటోనగర్‌లో స్పేర్ పార్ట్స్ షాపుల లెక్కలు చూస్తాను. కొనుగోలు బిల్లులను జీఎస్‌టీఆర్-2బీతో (అమ్మినవాళ్లు చూపిన బిల్లులతో జీఎస్‌టీ పోర్టల్ తయారుచేసే పట్టికతో) సరిచూడటం ఎంత టెన్షనో మీకు తెలుసు. బిల్లు నంబరు 16 అక్షరాలు దాటకూడదనే రూలుంది గానీ, ఆ 16లో ఎవరి పద్ధతి వాళ్లది. అందులోంచి అసలు నంబరు విడదీయాలి, అంతే నా పని.

"ఏజీ/23-24/0417" (23-24 అంటే ఆర్థిక సంవత్సరం) పక్కన 417 అని కొట్టాను. కిందున్న "ఏజీ/23-24/1042"కి 042 ఇచ్చింది. అంటే చివరి మూడు అక్షరాలు కోసింది. సరే, ఒక్క ఉదాహరణకు చాలా సూత్రాలు సరిపోతాయి, దానిమీద కోపం లేదు. 1042 అని దిద్దితే ఆ రకం బిల్లులన్నీ సరిగ్గానే వచ్చాయి. తర్వాత "ఎస్‌ఆర్/0088/23-24" వచ్చింది. దీనికి 24 అని పెట్టింది. 88 అని దిద్దాను. ఆ లైను బాగుపడింది. దాని కిందే ఉన్న 0089 బిల్లుకు మళ్లీ 24!

అనుమానమొచ్చి, నేను దిద్దిన ఆ లైనులోనే బిల్లు నంబరులోని 0088ని 0086గా మార్చాను. జవాబు 86 రావాలి. 24 వచ్చింది. నా మూడో ఉదాహరణ నుంచి అది ఏమీ నేర్చుకోలేదు. లెక్క రాని పిల్లాడు జవాబు బట్టీ పట్టినట్టు, "ఈ లైనుకి 88" అని దాచుకుందంతే. తెర మీద మాత్రం "మీ ఉదాహరణలన్నీ సరిపోయాయి" అని పచ్చ టిక్కు. నా ఒళ్లు మండింది ఆ టిక్కు చూసే. గమనించకపోతే ఆ 24లన్నీ అలాగే సరిచూపులోకి వెళ్లిపోయేవి.

ఫోన్ చేస్తే సపోర్టు అబ్బాయి, "ఇంకా ఉదాహరణలు ఇవ్వండి సార్, మీ డేటా క్లీన్‌గా లేదు" అన్నాడు. డేటా క్లీన్‌గా ఉంటే మీది ఎందుకు కొంటానయ్యా అంటే, లైసెన్సు యాక్టివేట్ అయ్యాక రీఫండ్ ఉండదని పెట్టేశాడు.

ఇదేమీ తేలని సమస్య కాదు. మైక్రోసాఫ్ట్ పరిశోధకుడు సుమిత్ గుల్వానీ 2011లోనే దారి చూపించాడు. ఒక ఉదాహరణకు సరిపోయే సూత్రాలన్నిటినీ ఒక గ్రాఫ్‌లో (చుక్కలు, వాటిని కలిపే గీతల అల్లికలో) ఇమిడ్చి ఉంచడం, రెండో ఉదాహరణ రాగానే రెండిటికీ పొసగనివి తీసేయడం, మిగిలినవాటిలో సులువైనదాన్ని ముందుకు తేవడం. ఒకే సూత్రం చాలకపోతే రకానికొకటి చొప్పున షరతు పెట్టడం కూడా అందులో ఉంది. షరతు "ఇలాంటి లైన్లకు" అని ఉండాలి, "ఈ ఒక్క లైనుకే" అని కాదు. అదే పని ఎక్సెల్ 2013లో ఫ్లాష్ ఫిల్‌గా వచ్చింది. కంట్రోల్-ఈ కొడితే చాలు, విడిగా పైసా కట్టక్కర్లేదు. దానికీ లోపాలున్నాయి: పాత సెల్ మారిస్తే జవాబు దానంతట మారదు, సూత్రం కూడా చూపించదు. ఎక్సెల్‌లోనే ఉండే డేటా సరిచేసే సాధనం పవర్ క్వెరీలో "కాలమ్ ఫ్రమ్ ఎగ్జాంపుల్స్" అయితే తాను పట్టుకున్న ఫార్ములా పైనే కనిపిస్తుంది, తప్పయితే అక్కడే తెలుస్తుంది. వీళ్లది డబ్బు తీసుకుని కూడా ఏ సూత్రం పట్టుకుందో చూపించదు.

ఇలాంటిది ఏది కొన్నా ముందు ట్రయల్‌లో మీ ఫైల్లోని వంకర లైన్లే పెట్టండి, వాళ్ల డెమో ఫైలు వద్దు. దిద్దిన లైనులో ఒక అంకె మార్చి చూడండి. నేను 1915 వినియోగదారుల హెల్ప్‌లైన్‌లో ఫిర్యాదు పెట్టాను. వీళ్ల దగ్గర డబ్బు వెనక్కి రాబట్టినవాళ్లు ఎవరైనా ఉంటే ఎలాగో కింద రాయండి.