టిబెటన్ పిల్లలకి భాష నిలవాలంటే హాస్టల్ స్కూలా, ఆదివారం క్లాసా?

టిబెట్ వదిలొచ్చిన కుటుంబాల్లో ఈ ప్రశ్న ఎప్పుడూ ఉండేదే, పిల్లల్ని హిమాచల్ ప్రదేశ్‌లోని ధర్మశాల ఊళ్ళో ఉన్న టిబెటన్ చిల్డ్రన్స్ విలేజ్ లాంటి హాస్టల్ స్కూల్లో వెయ్యాలా, లేక న్యూయార్క్‌లోనో టొరంటోలోనో మన దగ్గరే ఉంచుకుని ఆదివారం క్లాసుకి పంపితే చాలా అని. ఆ స్కూలు 1960లో టిబెటన్ శరణార్థుల రోడ్డు పనుల క్యాంపుల నుంచి వచ్చిన 51 మంది పిల్లలతో మొదలైంది, అది తల్చుకుంటే నాకిప్పటికీ గుండె బరువెక్కుతుంది.

భాష: హాస్టల్లో చిన్న క్లాసుల పాఠాలు టిబెటన్‌లోనే, ఆటలూ అలకలూ కూడా అందులోనే.
ఆదివారం క్లాసులో 30 హల్లులు, 4 అచ్చు గుర్తులు వచ్చేస్తాయి, కానీ టిబెటన్ తెలుగులా కాదు, రాసిన అక్షరాలన్నీ పలకరు, స్పెల్లింగ్ పట్టుబడాలంటే వారానికి రెండు మూడు గంటలు ఏ మూలకి సరిపోతాయి చెప్పండి.

ఖర్చు: హాస్టల్లో చాలామందికి స్పాన్సర్లుంటారు.
ఆదివారం క్లాసులో పాఠం చెప్పేది ఎక్కువగా వాలంటీర్లే.

రిస్క్: హాస్టలైతే పసివాళ్ళు అమ్మానాన్నలకి దూరం, ఇది చిన్న విషయం కాదు.
ఆదివారం క్లాసైతే ఇంట్లో ఇంగ్లిష్ నడిస్తే సోమవారానికి మర్చిపోతారు.

మన సంస్కృతి బయటివాళ్ళతో పంచుకోవడం: ఇందులో ఆదివారం క్లాసే మెరుగు, గుండ్రంగా తిరిగే టిబెటన్ గోర్షే డాన్స్‌లో పక్కింటి పిల్లలూ కలవొచ్చు.

ఇంట్లో టిబెటన్ మాట్లాడే అమ్మమ్మ ఉండి, ల్హాకర్ (బుధవారాలు టిబెటన్ భాష, అలవాట్లు పాటించే పద్ధతి) పాటిస్తూ ఆ రోజు టిబెటన్‌లోనే మాట్లాడుకునే ఇల్లయితే ఆదివారం క్లాస్ చాలు. భారత్‌లో ఉంటూ, పనుల కోసం ఊళ్ళు తిరిగే అమ్మానాన్నలైతే హాస్టలే నయం.