కొత్త ల్యాప్‌టాప్‌లో డిస్క్ మార్చాలా, ఉన్నదే ఉంచాలా?

బెంగళూరు మారతహళ్లిలో ఉండే మా చెల్లి మొన్న కొత్త ల్యాప్‌టాప్ కొంది. అందులో 1 టీబీ హార్డ్ డిస్క్. ఎస్ఎస్‌డీ (చిప్‌లలో డేటా దాచే డిస్క్) వేద్దామన్నాను. "అన్నయ్యా, కొత్తదాన్ని అప్పుడే విప్పడం ఎందుకు?" అంది. ఆ మాటలో న్యాయం ఉంది. చోటు బోలెడు, పైసా ఖర్చు లేదు, వారంటీ బెంగ లేదు. పెళ్లి వీడియోలు దాచుకోవడానికి హార్డ్ డిస్కే చవక.

కానీ ఆన్ చేసి చూశాను. డెస్క్‌టాప్ వచ్చాక కూడా చాలాసేపు గుండ్రం తిరుగుతూనే ఉంది. చెవి ఆనిస్తే లోపల గరగర. నిమిషానికి 5400 చుట్లు తిరిగే పళ్లెం అది. కావలసిన చోటు తిరిగి రావడానికే సగటున 5.6 మిల్లీసెకన్లు పడుతుంది. విండోస్ లేచేటప్పుడు వేల చిన్న ఫైళ్లు అడుగుతుంది, ప్రతిదానికీ ఈ ఎదురుచూపే. ఎస్ఎస్‌డీలో తిరిగేదేమీ లేదు. సాటా రకం (పాత తరహా కనెక్షన్) సెకనుకు 550 ఎంబీ దాకా చదువుతుంది, ఎన్‌వీఎంఈ జెన్ 3 (అంతకన్నా వేగమైన కనెక్షన్, మూడో తరం) అయితే 3500 దాకా. మామూలు పనుల్లో ఈ రెండింటికీ తేడా పెద్దగా తెలియదు. హార్డ్ డిస్క్ నుంచి మారితే మాత్రం మొదటిరోజే తెలుస్తుంది. బస్సు కుదుపులకూ భయపడక్కర్లేదు.

నా ఓటు మార్చడానికే, అదీ ఫైళ్లు పేరుకోకముందే. కంప్యూటర్ సామాన్లమ్మే ఎస్పీ రోడ్డుకు బయల్దేరేముందు ల్యాప్‌టాప్‌లో ఎం.2 స్లాట్ (సన్నటి ఎస్ఎస్‌డీని గుచ్చే చోటు) ఉందా, అది ఎన్‌వీఎంఈని తీసుకుంటుందా చూసుకోండి. మూత విప్పితే వారంటీ పోతుందేమో కంపెనీని అడగండి.

చెల్లి దాంట్లో స్లాట్ ఉంది. విండోస్ ఎస్ఎస్‌డీలోకి ఎక్కించాం, పాత డిస్క్‌ను ఫొటోలకు వదిలేశాం. మూత స్క్రూలు ఒక్కోటి ఒక్కో పొడవు. కాగితంమీద బొమ్మ గీసి, ఎక్కడివక్కడ పెట్టుకున్నాను.