స్పీడ్ గన్‌తో మూడేళ్లు

నెట్స్‌లో పిల్లల బౌలింగ్ వేగం చూద్దామని మూడేళ్ల క్రితం చేతిలో ఇమిడే రాడార్ ఒకటి కొన్నాను. మొదటి నెలంతా దాన్ని తిట్టుకుంటూనే గడిపాను. మా దగ్గర ఒక పదిహేడేళ్ల కుర్రాడు ఉన్నాడు. నా కంటికి గంటకు 120 కిలోమీటర్లకు తక్కువ వేయడు. గన్ మాత్రం 113 దాటనిచ్చేది కాదు. అమ్మినవాళ్లను అడిగితే బ్యాటరీ మార్చమన్నారు.

తీరా చూస్తే తప్పు నాదే. నేను పిచ్‌కు పక్కగా, మిడాఫ్ వైపు జరిగి నిలబడేవాడిని. రాడార్ తనకు ఎదురుగా వచ్చే వేగాన్నో, తన నుంచి దూరంగా పోయే వేగాన్నో మాత్రమే పూర్తిగా పట్టుకుంటుంది. బంతి దారికి 20 డిగ్రీలు పక్కగా ఉంటే 120 కాస్తా 113 అవుతుంది. ఇలా పక్కకు జరిగితే అంకె తగ్గడమే కానీ పెరగడం ఉండదు. ఇప్పుడు బ్యాటర్ వెనక, నెట్ అవతల, స్టంప్స్‌కు సరిగ్గా వరుసలో స్టూలు వేసుకుని కూర్చుంటున్నాను. అప్పుడప్పుడు బంతిని వదిలేసి బ్యాటు ఊపును కొలుస్తుంది. ఆ అంకెను పట్టించుకోను.

అసలు తలనొప్పి పిల్లలతోనే. 2003 ప్రపంచకప్‌లో షోయబ్ అఖ్తర్ వేసిన 161.3 వాళ్లకు నోటికి వచ్చు. ఒకడు వేగం కోసం రనప్‌ను అమాంతం పెంచేశాడు. 109 నుంచి 105కి పడిపోయాడు. ఫోనులో వీడియో తీసి నెమ్మదిగా తిప్పి చూస్తే, క్రీజులో ముందు కాలు పడగానే మోకాలు పీట మీద కూర్చోబోతున్నట్టు మడిచేస్తున్నాడు. పరుగులో తెచ్చుకున్న ఊపంతా అక్కడే ఇంకిపోతోంది. రనప్ తగ్గించి, ఆ కాలిని బిగించి నిలపడం నేర్పాక నాలుగు నెలలకు 116 అందుకున్నాడు. మోకాలి సంగతి గన్ చెప్పదు. మోచేతి సంగతీ అంతే: మడిచిన చేయి ఐసీసీ ఒప్పుకునే 15 డిగ్రీలకు మించి చాచుతూ విసిరినా అంకె చూపిస్తుంది.

నాకు ఇది బాగా పనికొచ్చింది నెమ్మది బంతికి, కొన్నప్పుడు అనుకోనే లేదు. బంతిని వేళ్లతో కోసినట్టు తిప్పి వేసే ఆఫ్ కట్టర్‌లో చేతి ఊపు తగ్గకుండా 116 నుంచి 97కి దిగాలి. 108 దగ్గర ఆగితే బ్యాటర్‌కు తేలికపాటి బంతి అందించినట్టే. ఆ తేడా నా కంటికి ఆనేది కాదు.

ఎండలో తెర సరిగా కనిపించదు. అదీ ఒకందుకు మేలే. ప్రతి బంతికీ “సార్, ఎంత?” అని అరుస్తారు. ఓవర్ అయ్యేదాకా చెప్పను.