నల్గొండ డ్రైవింగ్ స్కూల్ ‘ఫారిన్ ప్యాకేజీ’: కారు నేర్చుకోండి, ప్యాకేజీ మాత్రం వద్దు

అమెరికా, కెనడా వెళ్ళే పిల్లల కోసం అంటూ నల్గొండలో డ్రైవింగ్ స్కూళ్ళు ఇప్పుడు ‘ఫారిన్ ప్యాకేజీ’ అని ఒకటి అమ్ముతున్నాయి. ఎక్స్ఛేంజ్ స్టూడెంట్‌గా టెక్సాస్ వెళ్ళే ముందు నేను అలాంటి ఒకదాంట్లో చేరాను. అక్కడ చదువుకుని, అక్కడి లైసెన్స్ కూడా తీసుకుని వచ్చాక రాస్తున్నాను కాబట్టి వాళ్ళు చెప్పినదాంట్లో ఏది పనికొచ్చిందో, ఏది ఉత్త మాటో ఇప్పుడు తెలుసు. స్కూల్ పేరు రాయట్లేదు, ఎందుకంటే ఇది ఒక్కళ్ళ సంగతి కాదు, అదే ఫ్లెక్సీ, అవే మాటలు ఊళ్ళో ఇంకొన్ని చోట్ల కూడా చూశాను.

ముందు ప్యాకేజీలో ఏముంటుందో చెప్తా. మామూలు కారు కోర్సు, ఎల్‌ఎల్‌ఆర్ (నేర్చుకునేటప్పుడు ఇచ్చే తాత్కాలిక లైసెన్స్), పర్మనెంట్ లైసెన్స్ కాగితాల పని, ఇంటర్నేషనల్ లైసెన్స్, ఆఖర్న ‘అమెరికన్ డ్రైవింగ్ క్లాస్’. మామూలు కోర్సుకి అయ్యేదానికి దాదాపు రెట్టింపు తీసుకుంటారు. ఆ స్పెషల్ క్లాస్ అంటే ఆఫీసు గదిలో ఫ్యాన్ కింద కూర్చోబెట్టి ఫోన్‌లో ఎవరో ఫ్రీవే మీద కారు నడుపుతున్న వీడియో చూపించడం, అంతే. స్టాప్ సైన్ దగ్గర ఏం చేయాలని అడిగితే ఓనర్ గారు “అక్కడ అన్నీ ఆటోమేటిక్ కార్లే అమ్మా, కూర్చుంటే అదే పోతది” అన్నారు. సరే అని ఊరుకున్నా.

ఇంటర్నేషనల్ లైసెన్స్ గురించి కొంచెం వివరంగా రాయాలి, అసలు డబ్బులు పోయేది అక్కడే. దాని అసలు పేరు ఇంటర్నేషనల్ డ్రైవింగ్ పర్మిట్, 1949 జెనీవా ఒప్పందం కింద ఇచ్చేది. అది వేరే లైసెన్స్ ఏమీ కాదు, మన లైసెన్స్‌లో ఉన్న వివరాల్ని వేరే భాషల్లో చెప్పే చిన్న పుస్తకం. పక్కన మన ఒరిజినల్ లైసెన్స్ లేకపోతే దానికి విలువ లేదు. గడువు ఒక్క ఏడాది, లేదా మన లైసెన్స్ గడువు, రెండింట్లో ఏది ముందైతే అది. ఇచ్చేది మన ఆర్టీఏనే, ఫారం 4ఏ నింపి పాస్‌పోర్టు, లైసెన్స్, ఫోటోలు పెడితే సరిపోతుంది, వీసా, మెడికల్ సర్టిఫికెట్ పెట్టాలన్న రూలు 2021లోనే తీసేశారు. కేంద్ర రూల్స్ ప్రకారం ఫీజు 1000 రూపాయలు, పైన సర్వీస్ ఛార్జీ ఏదో కొంత ఉంటుంది. డిగ్రీ చదివే పిల్లలు సొంతంగా చేసుకోలేని పనేం కాదిది, ఎవరి సాయమూ అక్కర్లేదు. ఆన్‌లైన్‌లో ప్లాస్టిక్ కార్డులు ఇంటికి పంపిస్తామనే సైట్లు కూడా ఉన్నాయి, వాటి జోలికి అస్సలు వెళ్ళకండి. అమెరికా వెళ్ళాక అక్కడ తీసుకుందాం అనుకోవడం కూడా కుదరదు, మన పర్మిట్ మొదటిసారి మన దేశంలోనే తీసుకోవాలి.

“ఇది ఉంటే ఏడాది పాటు అమెరికాలో ఎక్కడైనా నడపొచ్చు” అని స్కూల్ వాళ్ళు చెప్పేది నిజం కాదు. అక్కడ ఒక్కో రాష్ట్రానికి ఒక్కో రూలు. టెక్సాస్‌లో అయితే అక్కడ నివాసం ఉండడం మొదలుపెట్టిన వాళ్ళు బయటి లైసెన్స్‌తో 90 రోజులే నడపొచ్చు, ఆ తర్వాత అక్కడి లైసెన్స్ తీసుకోవాల్సిందే. జర్మనీ, ఫ్రాన్స్, దక్షిణ కొరియా లాంటి కొన్ని దేశాల లైసెన్స్ ఉన్నవాళ్ళకి టెస్టుల్లో మినహాయింపు ఉంది, మనకి లేదు. రాత పరీక్ష, రోడ్డు టెస్ట్ రెండూ మొదటి నుంచి రాయాలి, నడపాలి.

ఇంత తిట్టాక కూడా ఆ స్కూల్‌కి మూడున్నర స్టార్లు ఇస్తున్నానంటే దానికి ఒకే కారణం, పొద్దున ఆరు గంటల బ్యాచ్‌కి నేర్పే పెద్దాయన. ఈయన చాలా ఏళ్ళు సౌదీలో ట్రక్కు నడిపి వచ్చాడు. సౌదీలో కూడా అమెరికాలో లాగే కుడివైపు నడుస్తారు, స్టీరింగ్ ఎడమవైపు ఉంటుంది. అంటే ఫారిన్ డ్రైవింగ్ నిజంగా తెలిసిన మనిషి ఆ స్కూల్‌లో ఈయన ఒక్కడే, కానీ ఓనర్ ఈయన్ని మామూలు బ్యాచ్‌కి పెట్టి ఫారిన్ ప్యాకేజీ వాళ్ళకి వీడియో చూపిస్తున్నాడు! టెక్సాస్ వెళ్తున్నానని నేనే మాటల్లో చెప్తే అప్పటి నుంచి ఆయన నేర్పే తీరే మారిపోయింది.

పానగల్ రోడ్డు మీద పొద్దున పూట బండ్లు తక్కువ, అక్కడ మొదలుపెట్టించాడు. తర్వాత మర్రిగూడ బైపాస్ వైపు. మిర్యాలగూడ మిల్లుల లారీలు పక్క నుంచి దూసుకెళ్తుంటే చేతులు వణికేవి, ఆయన మాత్రం డ్యూయల్ బ్రేక్ మీద కాలు పెట్టుకుని కూల్‌గా “అద్దం చూసినవా బిడ్డా” అనేవాడు. లేన్ మారే ప్రతిసారీ మూడు అద్దాలూ చూసి, ఆ తర్వాత మెడ తిప్పి భుజం మీదుగా వెనక్కి చూడాలి, చూడకపోతే మళ్ళీ మొదటి నుంచి. హారన్ కొడితే కోపం వచ్చేది. నల్గొండలో హారన్ లేకుండా ఎలా నడపాలి అన్నా అని అడిగితే “బ్రేక్ ఎందుకున్నది మరి” అన్నాడు.

ఆయన చెప్పినదాంట్లో నాకు అన్నిటికంటే పనికొచ్చింది ఇది: దాదాపు ఏ దేశంలోనైనా డ్రైవర్ కూర్చునే వైపు రోడ్డు మధ్య గీత పక్కనే ఉండాలి. ఇక్కడ మనం కుడివైపు కూర్చుంటాం, మధ్య గీత మనకి కుడిపక్క. అక్కడ ఎడమవైపు కూర్చుంటాం, గీత ఎడమపక్క. మలుపు తిరిగాక ఏ వైపు వెళ్ళాలో తికమక పడినప్పుడల్లా ఈ ఒక్క మాట గుర్తుచేసుకుంటే చాలు. టెక్సాస్‌లో మొదటి నెలంతా నేను ప్రతి లెఫ్ట్ టర్న్‌కీ మనసులో ఇదే అనుకునేదాన్ని.

అక్కడి టెస్ట్ సంగతి కూడా చెప్తా, వెళ్ళేవాళ్ళకి పనికొస్తుంది. విమానం దిగగానే లైసెన్స్ ఆఫీసుకి పరుగెత్తొద్దు, కాలేజీ వాళ్ళు సేవిస్‌లో (విదేశీ విద్యార్థుల వివరాలు ఉండే అమెరికా ప్రభుత్వ సిస్టమ్) మన రికార్డు యాక్టివ్ చేయాలి, వచ్చాక కనీసం 10 రోజులు ఆగమని ప్రభుత్వమే చెప్తుంది. ఎక్స్ఛేంజ్ వాళ్ళకి జే-1 వీసా కాబట్టి డీఎస్-2019 ఫారం (ఎక్స్ఛేంజ్ ప్రోగ్రామ్ వాళ్ళు ఇచ్చేది), ఐ-94 (అమెరికాలో దిగినట్టు రికార్డు), పాస్‌పోర్టు, అక్కడ ఉంటున్నట్టు అడ్రస్ రుజువులు పట్టుకెళ్ళాలి. 18 నుంచి 24 ఏళ్ళ మధ్య మొదటిసారి లైసెన్స్ తీసుకునేవాళ్ళకి 6 గంటల కోర్సు ఉంటుంది, ఆన్‌లైన్‌లో చేసుకోవచ్చు. రాత పరీక్షలో 30 ప్రశ్నలు, 70 శాతం రావాలి, హ్యాండ్‌బుక్ చదివితే అందులో టెన్షన్ ఏం లేదు. ఇచ్చే లైసెన్స్ కూడా మన వీసా కాగితాల గడువు వరకే.

రోడ్డు టెస్ట్ మాత్రం వేరే లోకం. మన దగ్గర ట్రాక్ మీద ఎనిమిది, హెచ్ ఆకారాల్లో కారు తిప్పి, అప్ (ఎత్తు) మీద ఆపి మళ్ళీ ముందుకి లేపితే అయిపోతుంది. అక్కడ ఎగ్జామినర్ పక్కన కూర్చుని మామూలు ట్రాఫిక్‌లోకి తీసుకెళ్తారు, కారు కూడా ఇన్సూరెన్స్‌తో సహా మనమే తెచ్చుకోవాలి. ప్యారలల్ పార్కింగ్ చేయిస్తారు. స్టాప్ సైన్ దగ్గర ఖాళీ రోడ్డైనా సరే చక్రాలు పూర్తిగా ఆగాలి, మెల్లగా దొర్లించి పోతే కుదరదు. స్కూల్ బస్సు ఎర్ర లైట్లు వెలిగించి ఆగితే ఎదురుగా వచ్చేవాళ్ళు కూడా ఆగాలి, మధ్యలో డివైడర్ ఉంటే తప్ప. ఇవేవీ ఆ వీడియోలో లేవు. అద్దాలు, మెడ తిప్పడం, ఆగాల్సిన చోట గీత ముందే ఆగడం మాత్రం చేతికి, కాలికి అలవాటై ఉన్నాయి, అది పెద్దాయన పుణ్యమే. ప్యారలల్ పార్కింగ్ కూడా ఆయనే రెండు కుర్చీలు అడ్డం పెట్టి నేర్పించాడు.

ఇక మిగతా విషయాలు. కారు పాతది, ఏసీ పనిచేయదు, మే నెలలో చేరితే మీకే తెలుస్తుంది. క్లచ్ గట్టిగా ఉంటుంది, మొదటి వారం కాలు నొప్పి ఖాయం. రివర్స్ ప్రాక్టీస్ అడిగి మరీ చేయించుకోవాలి. వరి కోతల టైమ్‌లో దేవరకొండ వైపు రోడ్ల మీద సగం వడ్లు ఆరబోసి ఉంటాయి, రాళ్ళు పెట్టి ఉంటాయి, ఆ రోజుల్లో అటు తీసుకెళ్ళొద్దని చెప్పండి, నేర్చుకునేవాళ్ళకి అది చాలా కష్టం. లేడీ ఇన్‌స్ట్రక్టర్ లేదు.

ఫ్లైట్‌కి కనీసం మూడు నెలల ముందు మొదలుపెట్టండి. ఎల్‌ఎల్‌ఆర్ వచ్చాక 30 రోజులు దాటితే గానీ పర్మనెంట్ టెస్ట్‌కి వెళ్ళలేం, అది వచ్చాకే ఇంటర్నేషనల్ పర్మిట్. వీసా వచ్చాక చూద్దాంలే అని ఆగితే టైమ్ చాలదు. చేరేటప్పుడు మామూలు కోర్సే అడగండి, ఫారిన్ ప్యాకేజీ తీసుకోమని ఎంత బతిమిలాడినా వద్దనండి, ఫీజు మొత్తం ఒకేసారి కట్టకండి. పొద్దున ఆరు గంటల బ్యాచ్‌లో ఖాళీ లేదంటే పేరు రాయించి వారం పది రోజులు ఆగినా నష్టం లేదు, సాయంత్రం బ్యాచ్‌కి నేర్పే అబ్బాయి సగం టైమ్ ఫోన్ మాట్లాడుతూనే ఉంటాడు.