కడప పాతపుస్తకాల దుకాణంలో దొరికిన వాన్ లూన్ వంశ చరిత్ర

కడప ఏడురోడ్ల కూడలికి దగ్గరలో ఉన్న ఒక చిన్న పాతపుస్తకాల దుకాణంలో, పోటీపరీక్షల గైడ్ల దొంతర కింద, ఆమ్‌స్టర్‌డామ్‌లోని వాన్ లూన్ వర్తక కుటుంబ చరిత్రను చెప్పే బొమ్మల పుస్తకం ఒకటి గత నెల నాకు దొరికింది. వెల 350 రూపాయలని చెప్పిన యజమాని, నేను డబ్బు తీసేలోపే, "సార్, కడాన ఒక పటం చినిగిండాది, చూసుకోండి, యాభై తగ్గించి ఇయ్యండి" అన్నారు. పాతపుస్తకాలు కొనేవారికి ఆ మాట విలువ తెలుస్తుంది. చరిత్ర పుస్తకాలను వేరుగా ఒక అరలో పెట్టకపోవడం, దుమ్ము దులపకపోవడం మాత్రం ఆ దుకాణంలో నాకు నచ్చలేదు.

ఈ వంశానికి చెందిన విల్లెం వాన్ లూన్ 1602లో డచ్చి ఈస్టిండియా కంపెనీని స్థాపించినవారిలో ఒకరు. వారి సంతతివారు ఆమ్‌స్టర్‌డామ్ నగరపాలనలో పెద్దలుగా మెలిగినా, నాటి డచ్చి గణతంత్రంలో కొత్తగా కులీన హోదా ప్రసాదించే రాజంటూ లేనందున, 1815లో రాజ్యం ఏర్పడిన తర్వాత, 1822లోగాని వారికి ఆ హోదా దక్కలేదు. అధికారం ముందు, బిరుదు రెండు వందల ఏళ్ల తర్వాత వచ్చిన ఈ క్రమాన్ని పుస్తకం చక్కగా విడమరిచి చెబుతుంది. కైజర్స్‌గ్రాఖ్ట్ కాలువ ఒడ్డున 1672లో ఆడ్రియాన్ డోర్ట్స్‌మాన్ కట్టిన ఇంటి గురించిన అధ్యాయం అన్నిటిలోకీ గొప్పది. అందులో మొదట కాపురమున్నది రెంబ్రాంట్ శిష్యుడు ఫెర్డినాండ్ బోల్. వాన్ లూన్‌లు దానిని కొన్నది 1884లో, కొడుకు పెళ్లి సందర్భంగా. 1973 నుంచి అది మ్యూజియం. యాన్ మీన్సే మోలెనార్ 1637లో చిత్రించిన ఆ వంశపు పెళ్లి చిత్రాన్ని రెండు పుటల నిండుగా అచ్చువేశారు. అందులోని దుస్తుల మడతలను నేను చాలాసేపు చూస్తూ ఉండిపోయాను.

మా తాతగారు మాధవరంలో మగ్గం నేసినవారు కనుక, నా కళ్లు బట్ట మీదికే పోతాయి. ఆ డచ్చి కంపెనీ 1606లోనే మచిలీపట్నంలో కొఠీ (వర్తక స్థావరం) తెరిచింది, 1613లో పులికాట్‌లో గెల్డ్రియా కోట కట్టింది. లవంగం, జాజికాయ పండే దీవులలో మన తీరపు బట్ట ఇచ్చి ఆ సరుకు కొనేవారు; నేతగాళ్లు నేసి, చిరివేరుతో ఎర్రరంగు అద్దిన గుడ్డ ఆ వ్యాపారానికి మూలధనం వంటిది. వెండి పాత్రలకూ తోటకూ పుటలకు పుటలు కేటాయించిన ఈ పుస్తకం, కోరమండల్ తీరాన్ని, అంటే మన ఈ తీరాన్ని, మాత్రం ఒక్క పేరాలో దాటేసింది. ఇది నన్ను నిజంగా బాధించింది.

అయినా 300 రూపాయలకు ఈ పుస్తకం కొనదగినదే. ఇంకొక ప్రతి కూడా ఉందని యజమాని చెప్పారు. దానిలో పటం చినగలేదట. కావలసినవారు ఆ గైడ్ల దొంతర కిందే వెతకాలి.