హెరెస్‌లో గుర్రం కొన్న వారం

మేముండేది జర్మనీలో, మ్యూనిక్ దగ్గర. చిన్నప్పటి నుంచి స్వారీ నేర్చుకుంటున్న మా అమ్మాయికి సొంతంగా కొంటే స్పెయిన్ మేలుజాతి గుర్రమే కావాలని పట్టు. అక్కడివాళ్లు పీఆర్‌ఈ అంటారు. మధ్యవర్తి లేకుండా పెంచినవాళ్ల దగ్గరే కొందామని మార్చిలో వారం సెలవు పెట్టి ఇద్దరం దక్షిణ స్పెయిన్‌లోని హెరెస్ వెళ్లాం.

మొదటి రెండు రాత్రులు ఊరి నడిబొడ్డున హోటల్లో దిగాం. గది బాగుంది, కానీ గుర్రాలన్నీ ఊరి బయట, టాక్సీలకే డబ్బులైపోతున్నాయి. మూడో రోజు కారు అద్దెకు తీసుకుని పక్కనున్న ఆర్కోస్ ఊరి దారిలో ఒక పొలం ఇంటికి మారాం. గుర్రం కోసం వెళ్లేవాళ్లు మొదటి రోజు నుంచే అలా ఉండడం మేలు. మధ్యాహ్నం రెండు నుంచి ఐదు దాకా ఎవరూ ఫోనెత్తరు, రాత్రి భోజనం తొమ్మిదికి గానీ దొరకదు. శాకాహారులకు పాలకూర, శనగల కూర ఉంటుంది, కడుపు నిండుతుంది.

హెరెస్‌లోని రాయల్ స్కూల్ అనే స్వారీ పాఠశాలలో గుర్రాల నాట్యం తప్పక చూడాలి, కానీ కొన్నాకే చూడండి. ముందు చూస్తే ఆ తర్వాత ఏ గుర్రమూ కంటికి ఆనదు. శనివారం ఈ జాతి గుర్రాలను పెంచే కార్తుహా అశ్వశాల మాత్రం ముందే చూడొచ్చు. తెల్లటి తల్లుల పక్కన నల్లగా, గోధుమరంగులో పిల్లలు పరుగెడుతుంటాయి. ఈ జాతిలో చాలా గుర్రాలు ముదురు రంగులో పుట్టి ఏళ్లు గడిచేకొద్దీ తెల్లబడతాయి. ఆడ గుర్రాలకు జూలు కత్తిరించేస్తారు. అక్కడ రెండు గంటలు నిలబడితే చూపు కుదురుతుంది.

మొదట చూసిన వ్యాపారి దగ్గర నా మనసు విరిగింది. మేం వెళ్లేసరికే గుర్రానికి జీను కట్టి ఉంది, దాని కింద చెమట. అంటే ముందే బాగా తిప్పేసి శాంతపరిచారు. మేం పెట్టుకున్న పశువుల డాక్టర్ దాని మెడలోని గుర్తింపు చిప్‌ను రీడర్‌తో చదివితే నంబరు గుర్రం పాస్‌పోర్ట్‌తో కలవలేదు. "ఆఫీసు పొరపాటు, ముందు బయానా ఇవ్వండి" అన్నాడు వ్యాపారి. మా అమ్మాయి అప్పటికే దాని మెడ కావిలించుకుంది. వెనక్కి వస్తూ కారులో ఏడ్చింది. మా తాతయ్య సంతలో ఎద్దు పళ్లు, సుడులు చూసి, నాలుగడుగులు నడిపించేదాకా ధర మాటే ఎత్తేవాడు కాదు. ఆ రోజంతా ఆయనే గుర్తొచ్చాడు.

రెండోది చిన్న పెంపకందారు. గుర్రాన్ని పొలంలోంచి మా చేతే పట్టించారు. వాళ్ల నాన్నగారు మేం అడక్కుండానే నాలుగు డెక్కలూ ఎత్తి చూపించారు, తోక పైకెత్తి కందిపప్పంత గడ్డనూ చూపించారు. తెల్లబడే గుర్రాల్లో ఇలాంటి నల్ల గడ్డలు మామూలేననీ, ఇప్పటికి ఇబ్బంది లేదనీ, పెరుగుతుందేమో చూస్తుండాలనీ మా డాక్టర్ చెప్పారు. దాచగలిగీ దాచకుండా చూపించారు కదా, నాకు అక్కడే నమ్మకం కుదిరింది. కాలు మడిచి నిమిషం పట్టుకుని, వదలగానే పరుగెత్తించి చూశారు. కుంటలేదు. ఎక్స్‌రేలూ శుభ్రంగా వచ్చాయి. ఆరేళ్ల మగ గుర్రం, 13,500 యూరోలు చెప్పి 12,800కి ఇచ్చారు.

డాక్టర్‌ని మాత్రం అమ్మేవాళ్లు చెప్పినవాళ్లని కాకుండా మీరే వెతుక్కోండి. అనువాదకురాలికిచ్చిన ప్రతి యూరో దక్కింది. అక్కడివాళ్లు పదం చివర 'స' మింగేస్తారు, మా అమ్మాయి స్కూల్ స్పానిష్ పనికిరాలేదు. 'కార్తుహానో' అని చెప్పి ఎక్కువ అడిగితే కాగితాలు చూడండి, అది వేరే జాతి కాదు, ఇదే జాతిలో ఒక వంశం. 2007 నుంచి వంశావళి పుస్తకం పెంపకందారుల సంఘం ఏఎన్‌సీసీఈ చేతిలో ఉంది. యాజమాన్య పత్రం అమ్మేవాళ్ల పేరు మీదే ఉందో లేదో డబ్బిచ్చే ముందే చూసుకోవాలి.

ప్రయాణానికి కావాల్సిన గుర్రం ఆరోగ్య ధ్రువపత్రం పది రోజులే చెల్లుతుందని, దాన్ని మా ఊరికి తెచ్చే ట్రక్కువాళ్లు ముందే హెచ్చరించారు. మేం విమానంలో తిరిగొచ్చిన ఐదో రోజు తెల్లవారుజామున మా గుర్రం దిగింది. దిగగానే అర బకెట్ నీళ్లు తాగి, తల మా అమ్మాయి భుజం మీద ఆనించింది.